ఖాదర్ మామ నా చేతికిచ్చిన తాళం

హైవే పక్కన కొత్తగా తెరిచిన వర్క్‌షాపులో నా లారీ వెనక చక్రం విప్పుతున్నారు. నేను అద్దాల గదిలో కూర్చున్నా, తలుపు తెరుచుకున్నప్పుడల్లా కాలిన బ్రేకు లైనింగు వాసన గుప్పున వచ్చి ముక్కుకు తగులుతోంది. కౌంటరులోని అమ్మాయి ఓ కాగితం చేతికిచ్చి, "మా దగ్గర మీరేం కోరుకుంటున్నారో రాయండి సార్" అంది. పెన్ను పట్టుకుని కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. పని తొందరగా కావాలి, సామాను అసలుదే వెయ్యాలి, చెప్పిన రోజుకి బండి ఇవ్వాలి. ఏ లారీ ఓనరైనా రాసేది ఇదే. ఒకప్పుడు నేనూ ఇంతకు మించి కోరలేదు. కోరనిది ఒకటి నాకిచ్చి, ఇచ్చిన పాపానికి కొన్నాళ్ళు నాచేత లోలోపల తిట్లు తిన్న మనిషి ఖాదర్ మామ.

అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి పోయే దారిలో ఉండేది ఆయన షెడ్డు. పైన రేకులు, కింద ఆయిలు తాగి తాగి నల్లబడిన నేల. మనిషి పొట్టి, మాట నెమ్మది. వయసులో నాకు తండ్రిలాంటి వాడు. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. నాదేమో కాలుగాలిన పిల్లి స్వభావం. బండి షెడ్డులో ఉందంటే ఇంట్లో అన్నం సహించేది కాదు. పొద్దున్నే వచ్చి ఆయన చుట్టూ తిరిగేవాణ్ణి. "నువ్వలా తిరిగితే నట్టు తిరగదల్లుడూ" అని నవ్వేవాడు.

ఆయనకో పద్ధతి ఉండేది. పని పూర్తయ్యాక తాళం వెంటనే ఇచ్చేవాడు కాదు. "పోయి టీ తాగి రా" అని ఓనరుని ఎదురు కొట్టుకి పంపించి, డ్రైవరుని పక్కన కూర్చోబెట్టుకుని బండి ఎలా ఉందో అడిగేవాడు. డ్రైవరు నోటితో ఇంకేమీ లేదని అనిపించుకున్నాకే బండి కదిలేది. చాలామంది ఓనర్లకి ఇది చిన్నతనంగా ఉండేది. నాకూ ఉండేది. "బండి నాదైతే నన్నడగవేటి మామా?" అని ఓసారి నిలదీశాను. "నీకు బండి కాగితాల్లో తెలుసు. ఆడికి అరికాలికి తెలుసు" అన్నాడు. ఆ మాట నాకు ఎక్కలేదు.

అప్పుడు నాకున్నది ఒక్కటే లారీ. డ్రైవరు సన్యాసిది కోటవురట్ల పక్క ఊరు, ఇంచుమించు నా వయసే. నేను చెప్పిన దేనికీ కాదనే అలవాటు అతనికి లేదు. బెల్లం జోరుగా వచ్చే రోజుల్లో క్లచ్చి పోయి బండి మూడు రోజులు ఖాదర్ మామ దగ్గర ఉండిపోయింది. మార్కెట్టులో బెల్లం దిమ్మలు లోడుకి సిద్ధంగా ఉన్నాయి. సాలూరు ఘాటు కొండదారి దాటి ఒడిశా వెళ్ళాలి. బండి తెచ్చుకోవడానికి మోటారుసైకిలు మీద పోతుంటే వెనక కూర్చున్న సన్యాసి మెల్లగా అన్నాడు.

"బాబూ, బ్రేకు రెండుమాట్లు తొక్కితే గాలి ముల్లు పడిపోతంది. ఖాదరు గారికి సెప్పాల." లారీ బ్రేకు గాలి ఒత్తిడి మీదే పనిచేస్తుంది, డ్రైవరు ముందున్న ఆ ముల్లు పడిపోతే బ్రేకు పట్టదు.

"ఇప్పుడు చెప్తే మళ్ళీ అంతా విప్పుతాడు. ఈ ట్రిప్పు వేసి వచ్చేక చూద్దాం. నువ్వేం మాట్లాడకు."

"అలాగే బాబూ."

ఆలస్యం అమృతం విషం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

షెడ్డుకి వెళ్ళగానే మామ మామూలుగానే టీ తాగి రమ్మన్నాడు. "టీ వద్దు మామా, తొందరుంది. నా ముందే అడుగు" అని అక్కడే నిలబడ్డాను. ఆయన నన్నోసారి చూసి సన్యాసి వైపు తిరిగాడు.

"బండి ఎలాగుందిరా? ఇంకేటైనా ఉందా?"

సన్యాసి ముందు నా మొహం చూశాడు. తర్వాత "బాగానే ఉందండి" అన్నాడు.

మామ గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు. తాళం తీసి సన్యాసికి కాకుండా నా చేతిలో పెట్టాడు.

"అయితే ఈ ట్రిప్పు నువ్వు నడుపు. సన్యాసి బస్సులో వత్తాడు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "లైసెన్సు ఉంది కదా. ఆరేళ్ళు నడిపినోడివి. బండి బాగుందంటన్నాడు. మరేటి భయం?"

పౌరుషానికి పోయి ఎక్కాను. ఇంజను వేస్తే గాలి ముల్లు నెమ్మదిగా పైకి లేచింది. బ్రేకు ఒకసారి తొక్కాను. రెండోసారి తొక్కాను. ముల్లు జారిపోయింది. ఇంట్లో అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న నా కూతురు కళ్ళలో మెదిలింది. సన్యాసికి ఇద్దరు పిల్లలున్నారని పొద్దున్న నాకు గుర్తే రాలేదు. అతను కింద తల వంచుకుని నిలబడి ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంజను ఆపి దిగాను.

"గాలి దిగిపోతోంది మామా. నేనే చెప్పొద్దన్నాను."

"తెలిసింది. ఆడు నీ మొకం సూసి సెప్పేడు కదా" అన్నాడు. అంతకు మించి తిట్టలేదు. వెనక చక్రం దగ్గర విప్పి, గాలికి అడ్డం ఉండే రబ్బరు బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టాడు. సగం దాకా చీలి ఉంది. "ఇది ఘాటులో రెండో మలుపు సూడదు" అన్నాడు.

లోడు వేరే లారీ ఎత్తుకుపోయింది. తప్పు నాదని తెలిసినా, నలుగురిలో నా మొహం నాకే చూపించాడని కొన్నాళ్ళు మామ మీద మంట ఉండేది. ఆ మంట ఆరింది సన్యాసి మాటతోనే. "నీ ప్రాణం మీదికొచ్చే సంగతి కదరా, నేను వద్దంటే మానెయ్యడమేనా?" అని అడిగాను.

"మీరు సెప్పొద్దన్నారు కదా బాబూ" అన్నాడు, అందులో అడగడానికేముంది అన్నట్టు.

ఆ జవాబు మింగుడుపడక మామ దగ్గరికే వెళ్ళి చెప్పాను. ఆయన బండి కిందనుంచే అన్నాడు: "ఆడు నీ మాట కాదనలేడల్లుడూ. అంచేత ఆడి పేణం నీ నోట్లో ఉంది. నోరు జాగర్త."

ఖాదర్ మామ పోయి చాలా ఏళ్ళయింది. సన్యాసి చూపు మందగించి బండి మానేశాడు. ఇప్పుడు నాకు మూడు లారీలు, ముగ్గురు డ్రైవర్లు. ట్రిప్పుకి ముందు వాళ్ళెవరైనా "బాగుందండి" అంటే నాకు కుదురుండదు. నా మొహం కనపడకుండా వాళ్ళకి వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ మళ్ళీ అడుగుతాను. ఓనరుకి చాదస్తమని నవ్వుకుంటారు, నాకు తెలుసు. ఒక్కోసారి వెనకనుంచి మాట రావడానికి చాలాసేపు పడుతుంది. అయినా వెనక్కి తిరగను.