పురిటి కారు టైర్లు

ధర్మవరంలో రంగప్ప కారుకు పురిటి కారని పేరు. ఆ వీధిలో ఏ బాలింత ఆసుపత్రి నుంచి ఇంటికి రావాలన్నా ఆ పాత తెల్లకారే కావాలనేవాళ్లు. దానికి ఏసీ లేదు, పాటల పెట్టె లేదు. ఉన్నదల్లా ఒక్కటే గుణం. అందులో పసిబిడ్డ నిద్ర చెడదు.

ఆ గుణం ఊరికే రాలేదు. రంగప్ప అసలు మగ్గం మనిషి. మోకాళ్లు మొరాయించాక కారు పట్టాడు. మగ్గం మీద పడుగు దారాలు బిగువుగా ఉంటేనే చీర బాగా వస్తుందని ఆయన చేతులకు తెలుసు. టైర్లకూ అదే న్యాయమనుకుని మొదట్లో గాలి బిగించి కొట్టించేవాడు. కారు గంతులేసేది, టైర్లు నడిమధ్య బోడి అయ్యేవి. ఒకరోజు భార్య ఆదిలక్ష్మమ్మ తల కారు కప్పుకు ఠపీమని తగిలింది. "ఏమయ్యా, ఇది పడుగనుకుంటివా? రవంత మెత్తగా ఉండనీ" అని కసిరింది. అప్పట్నుంచి కారు తలుపు దగ్గర రాసి ఉన్నంతే గాలి, అదీ పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవడం నేర్చుకున్నాడు.

కొత్త టైర్లు కొనాలంటే ఇద్దరూ కలిసి పెనుకొండలో ఓబుళప్ప అంగడికి వెళ్లేవాళ్లు. ఎప్పుడు తయారైందో రంగప్ప టైరు పక్కన చదివేవాడు. ఆమె బొటనవేలి గోరు రబ్బరులోకి నొక్కి చూసేది. గోరు దిగితే "ఎక్కొచ్చు" అనేది. అంగట్లో నలుగురూ నవ్వినా సరే, ఆ మాట పడనిదే టైరు బిగించనిచ్చేవాడు కాదు రంగప్ప.

ఆమె చివరిసారి ఎంచినవి కరోనాకు ముందు. వాటికి తనే పసుపు, కుంకుమ పెట్టింది. మరుసటేడు జబ్బుచేసి పోయింది. రంగప్ప కారును రేకుల షెడ్డులో పెట్టి దుప్పటి కప్పాడు. అప్పుడప్పుడు స్టార్టు చేసేవాడు, టైర్లు తుడిచేవాడు, బయటికి మాత్రం తీసేవాడు కాదు. తిరిగితే అరుగుతాయి కదా! అవి అరక్కపోతే ఆమె ఉన్నట్టేననుకున్నాడు, పిచ్చి మారాజు.

ఇంతలో కూతురు యమునకు నెలలు నిండకముందే హిందూపురంలో, అత్తగారి ఊళ్లోనే కాన్పయింది. ఆడపిల్ల. "నాయనా, ఇంటికి పిల్చుకోని పో. అమ్మ ఏరిన టైర్ల మిందనే నా బిడ్డ రావల్ల" అని ఫోన్లో ఏడ్చింది. రంగప్ప దుప్పటి లాగేశాడు.

దారిలో గాలి చూపించుకుందామని పెనుకొండలో ఆగాడు. ఓబుళప్ప టైరు ముందు గొంతుక్కూర్చుని దాని పక్కంతా వేలితో తడిమాడు.

"అన్నా, ఈటి మింద బిడ్డను ఎక్కించొద్దు."

"నీకు కండ్లు కనపళ్లేదా? గాడి సూడబ్బా, యాడన్నా అరిగిండాదా?"

"గాడి కాదన్నా, పక్కన సూడు. నిలబడీ నిలబడీ రబ్బరు ఎండిపోయిండాది. హైవే మింద పగిలితే కారు నీ మాట ఇనదు."

టైరు పక్కంతా సన్నటి పగుళ్లు. రంగప్పకు కోపం ముంచుకొచ్చింది. విసురుగా తాళం చెవి తీసుకున్నాడు. మళ్లీ ఏమనుకున్నాడో వంగి, బొటనవేలి గోరు ఆనించి నొక్కాడు. దిగలేదు.

బీరువాలో ఉన్న ఆదిలక్ష్మమ్మ పెళ్లిచీర గుర్తొచ్చింది. కట్టకుండా దాచిదాచి ఉంచితే మడతల దగ్గరే చిరుగులు పట్టింది. పట్టు నేసినవాడికి ఈ సంగతి ఇంకొకరు చెప్పాలా!

"మార్చప్పా" అన్నాడు. తాళం చెవి ఓబుళప్ప చేతిలో పెట్టాడు.

ఆ ఏడు తయారైనవే చూసి నాలుగూ బిగించాడు ఓబుళప్ప. పాతవాటిని మూలకు దొర్లిస్తూ, "ఎవురన్నా అడుగుతారులే" అన్నాడు.

"వద్దు. నా కండ్ల ముందరే కొయ్యి. ఇంగొకరి బిడ్డ కిందికి పోగూడదు."

కత్తి దిగుతుంటే రంగప్ప అక్కడే నిలబడ్డాడు. పసుపు మరక ఇంకా మిగిలిన టైరు వంతు వచ్చినప్పుడు మాత్రం చూడలేకపోయాడు.

హిందూపురంలో ఆసుపత్రి మెట్ల పక్కన కారు ఆపాడు. బిడ్డనెత్తుకుని వచ్చిన యమున చక్రాల వైపు చూసి ఆగిపోయింది.

"నాయనా, అమ్మ టైర్లు యాడికి పోయినాయి?"

దారి పొడుగునా ఏవేవో మాటలు పేర్చుకున్నాడు. అవన్నీ వదిలేసి, "ఎండిపోయిండాయమ్మా" అని తల దించుకున్నాడు.

యమున బిడ్డను తండ్రి చేతుల్లో పెట్టింది. కింది మెట్టు మీద మెల్లగా కూర్చుని, చెయ్యి చాపి, కొత్త టైరుకు బొటనవేలి గోరు నొక్కింది. అచ్చం వాళ్లమ్మలాగే పెదవి బిగించి చూసింది.

"ఎక్కొచ్చు నాయనా" అంది.

ధర్మవరం చేరేదాకా బిడ్డ కళ్లు తెరవలేదు.