సెన్సారు అత్త కోసేసిన ముక్క

లక్ష్మీకాంతమ్మకు భయం లేనిదేదైనా ఉందా అని మా వాడలో ఒకసారి పందెం కూడా వేసుకున్నాం. కప్ప గెంతితే కేక పెడుతుంది. కుక్కర్ విజిల్ వేస్తే గుండె పట్టుకుంటుంది. నాగాయలంక బస్సులో డ్రైవరు గట్టిగా హారన్ కొట్టాడంటే పక్కనున్నవాళ్ల చెయ్యి రక్కేస్తుంది. మేం నవ్వుతాం, ఆమె కూడా మాతో కలిసి నవ్వుతుంది. నీళ్ల విషయంలో మాత్రం ఎవరం ఆటపట్టించం. డెబ్బై ఏడులో ఊళ్లు ముంచేసిన ఉప్పెన నాటికి ఆమె ఆరేళ్ల పిల్ల. తెల్లవార్లూ తుమ్మకొమ్మ పట్టుకుని బతికింది, పక్కనే ఉన్న తల్లి చెయ్యి జారిపోయింది. ఇన్నేళ్లలో ఆమె మోకాలు దాటిన నీళ్లలో దిగింది లేదు.

అలాంటి మనిషికి మేం సినిమాలు చూసి తీర్పు చెప్పే ఉద్యోగం ఇచ్చాం. వేసవి సెలవుల్లో మేమంతా షెడ్డుకు రొయ్యల తలలు తీసే పనికి వెళ్తే, వాడలోని పిల్లలు ఆమె ఇంట్లోనే ఉంటారు. అల్లుడు నాగబాబు బందరు హార్బరు నుంచి బోటు మీద వేటకు వెళ్తాడు. అతను కొన్న పెద్ద టీవీ ఆ ఇంట్లోనే ఉంది. ఏ బొమ్మల సినిమా వేయాలన్నా ముందురోజు లక్ష్మీకాంతమ్మ ఒక్కతే కూర్చుని చూడాల్సిందే. ఆమె లెక్క ఒకటే, తనకు భయం వేసింది పిల్లలకు పనికిరాదు. రాక్షసుడు కనిపిస్తే ఆ సినిమా మొత్తం రద్దు. ఏదో ఒక్కచోటే భయం వేస్తే, అది గుర్తుపెట్టుకుని, మర్నాడు పిల్లల మధ్య రిమోట్ పట్టుకుని కూర్చుని ఆ ముక్కను ముందుకు తోసేస్తుంది. అందుకే సెన్సారు అత్త అని పేరు పెట్టాం. ఈమే తట్టుకున్నదానికి పసిపిల్లలు మాత్రం ఏం జడుస్తారులే అని మా ధీమా.

మొన్న మే నెలలో ఎలుగుబంటి పిల్ల సినిమా వంతు వచ్చింది. ఆ పిల్లకు సముద్రం మధ్య లంకలో ఉన్న అమ్మమ్మను చూడాలనిపిస్తుంది. ఎవరికీ చెప్పకుండా ఒక చెక్కపెట్టెలో కూర్చుని, గరిటె తెడ్డుగా పట్టుకుని బయల్దేరుతుంది. దారంతా పాటలే. మధ్యలో గాలి లేచి పెట్టె ఊగడం మొదలైంది, పక్కకు ఒరిగింది. అంతే, లక్ష్మీకాంతమ్మ కళ్లు మూసుకుని, లంక వచ్చేదాకా రిమోట్ నొక్కుతూనే ఉందట. కూతురు రోజా ఆ సంగతి మాకు చెప్పి ఒకటే నవ్వు.

"ఆ ఒక్క ముక్క తీసేస్తే బంగారం లాంటి సినిమా" అని తీర్పు వచ్చింది.

మర్నాడు పిల్లలకు అలాగే వేసింది. పెట్టె ఊగగానే బటన్ నొక్కింది. మరుక్షణం ఎలుగుబంటి పిల్ల అమ్మమ్మ ఒళ్లో కూర్చుని మామిడిపండు తింటోంది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. రోజా కూతురు, నాలుగేళ్ల సాయిదుర్గ మాత్రం ఆలోచనలో పడింది.

"పెట్టెలో కూర్చుంటే అవతలికి వెళ్లిపోవచ్చా అమ్మమ్మా?"

"వెళ్లింది కదమ్మా. చూశావుగా!"

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం మిగతా పిల్లలు అన్నాలకు ఇళ్లకు వెళ్లారు. లక్ష్మీకాంతమ్మ మనవరాలికి అన్నం పెడదామని గరిటె కోసం చూసింది. ఎప్పుడూ ఉండే చోట లేదు. "అమ్మలూ, గరిటె నువ్వు తీశావా?" అని కేకేసింది. మంచం కింద చూసింది, తలుపు వెనక చూసింది. పెరట్లోకి వెళ్లింది. నాగబాబు చేపలు తెచ్చే థర్మాకోల్ ఐసు పెట్టె అక్కడ లేదు. దాని మూత మాత్రం గోడ పక్కన పడి ఉంది.

పెరడు దాటితే రొయ్యల చెరువు.

గట్టు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. చెరువు మధ్యలో తెల్లటి పెట్టె, అందులో పసుపు గౌను. రొయ్యలకు గాలి అందించే ఏరేటర్ చక్రం ఒకటి నీళ్లను చిలుకుతోంది, ఆ వాలులో పెట్టె మెల్లగా రెండో చక్రం వైపు కదులుతోంది. కేక గొంతుదాకా వచ్చింది. లక్ష్మీకాంతమ్మ రెండు చేతులతో నోరు నొక్కేసుకుంది. తను కేక పెడితే పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది, లేస్తే పెట్టె తిరగబడుతుంది.

పిల్ల చూడనే చూసింది. "అమ్మమ్మా! నేను అవతలికి వెళ్తున్నా!" అంటూ లేవబోయింది. పెట్టె ఒరిగింది.

"లేవమాకు అమ్మలూ." ఆ గొంతు తనదేనా అనిపించేంత నెమ్మదిగా వచ్చింది మాట. "కూర్చునే ఉండు. ఎలుగుబంటి పిల్ల లేవలేదు కదా. నేను వస్తున్నాగా."

అవతలి గట్టున చెరువు కాపలా నాంచారయ్య మేత చల్లుతున్నాడు. ఆమె చక్రం వైపు చెయ్యి చూపించి పిచ్చిదానిలా ఊపింది. అతను పెట్టెను చూశాడు, మేత బస్తా వదిలేసి స్విచ్ బోర్డు వైపు పరుగెత్తాడు. చక్రం ఆగేదాకా ఆమె ఆగలేదు. నీళ్లలోకి దిగిపోయింది. బురదలో కాలు కూరుకుంది. నీళ్లు నడుం దాటాయి, రొమ్ము దాటాయి, గడ్డానికి తగిలాయి. అమ్మను తీసుకుపోయిన నీళ్లు ఇవే అనిపించిందని తర్వాత మాతో చెప్పింది. వెనక్కి వచ్చేయాలని ఒళ్లంతా లాగిందట. పెట్టె అంచు చేతికందేదాకా ఆమె కళ్లు మూయలేదు.

నాంచారయ్య ఇంకోవైపు నుంచి దిగి వచ్చి పట్టుకున్నాడు. "అయిపోయింది వదినా, అయిపోయింది" అంటూ ఇద్దరినీ గట్టుకు చేర్చాడు. పిల్ల ఒంటి మీద తడి కూడా లేదు. చేతిలో గరిటె అలాగే ఉంది.

"నాకేం భయం వెయ్యలేదమ్మమ్మా" అంది నవ్వుతూ.

అది వినగానే లక్ష్మీకాంతమ్మ గట్టు మీద కూలబడిపోయింది. చెరువులోకన్నా అప్పుడే ఎక్కువ భయపడింది.

సాయంత్రం షెడ్డు నుంచి వచ్చిన రోజా సంగతి విని పిల్లను గుండెలకు హత్తుకుని ఏడ్చింది. తర్వాత తల్లి మీద విరుచుకుపడింది. "మంచి సినిమా అని నువ్వే కదమ్మా చెప్పావు?" లక్ష్మీకాంతమ్మ పిల్లలందరినీ పిలవమంది. మేమూ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాం. రిమోట్ తీసి రోజా చేతిలో పెట్టింది. "ఆ సినిమా వెయ్యి. నేనడిగినా ఇది నాకివ్వమాకు."

పెట్టె ఊగింది. ఒరిగింది. ఎలుగుబంటి పిల్ల నల్లటి నీళ్లలో కిందికి, ఇంకా కిందికి పోయింది. నోరు తెరిచింది, గొంతు రాలేదు. లక్ష్మీకాంతమ్మ చెయ్యి తనకు తెలియకుండానే రోజా వైపు సాగింది. రోజా రిమోట్ వెనక్కి దాచేసింది. ఒక తాబేలు ఆ పిల్లను పైకి తెచ్చింది. అది వణుకుతూ, పెద్దవాళ్లు లేకుండా ఇంకెప్పుడూ నీళ్లలోకి రానని వెక్కి వెక్కి ఏడ్చింది. ఈ ఏడుపు సినిమాలో ఉందని మాకెవరికీ తెలియదు. లక్ష్మీకాంతమ్మా అప్పుడే చూసింది.

సాయిదుర్గ అమ్మమ్మ ఒళ్లోకి దూరి, కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"భయమేస్తోంది అమ్మమ్మా."

లక్ష్మీకాంతమ్మ మెల్లగా ఆ కొంగు తొలగించింది. "నాక్కూడా వేస్తోందమ్మా" అంది. "ఇద్దరం చూద్దాం."