వెనక బెంచీ పద్మనాభంగారు

పద్మనాభంగారికి కోర్టు పిచ్చి. పేకాట పిచ్చో, క్రికెట్ పిచ్చో అయితే ఎలాగోలా సర్దుకుపోవచ్చు గానీ, ఈ పిచ్చికి మందు లేదని ట్రాయ్ ఊళ్ళోని తెలుగువాళ్ళంతా ఎప్పుడో చేతులెత్తేశారు. కార్ల కంపెనీలో తలుపులు డిజైన్ చేసి చేసి రిటైరైన మనిషి, హాయిగా గుడి కమిటీలో చేరి తగాదాలు పెట్టుకోక, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని డిస్ట్రిక్ట్ కోర్టుకి బయల్దేరతారు. ఆయనకి అక్కడ కేసేమీ ఉండదు. వెనక బెంచీ మీద కూర్చుని, అన్నీ చూసి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికొస్తారు.

"ఇక్కడ కోర్టు తలుపులు ఎవరికైనా తెరిచే ఉంటాయోయ్. టికెట్టు లేదు, పార్కింగ్ ఫ్రీ. ఇంతకన్నా మంచి కాలక్షేపం చూపించు, మానేస్తాను" అంటారు.

ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన మొదటి వారంలోనే రాకేష్‌కి ఈ సంగతి అర్థమైపోయింది. వరంగల్ నుంచి వచ్చి, హెచ్-వన్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న రాకేష్‌కి కోర్టంటే దూరం నుంచే దణ్ణం పెట్టేంత భయం. పై అంతస్తులో మాత్రం రోజూ విచారణే.

"ఉమా, ఇంకో గులాబ్ జామూన్ వెయ్యి."

"వద్దు. అసలే షుగరు" అనేవారు ఆయన భార్య ఉమామహేశ్వరిగారు.

"అప్పీలు చేసుకుంటున్నాను."

"ఎవరికి?"

"సుప్రీం కోర్టుకి. ఈ ఇంట్లో అదీ నువ్వేగా!"

"సుప్రీం కోర్టు తన దగ్గరికొచ్చిన ప్రతి అప్పీలూ వినక్కర్లేదని మీరే చెప్పారు. వినను, లేవండి."

జామూన్ పోయినందుకు బాధపడాల్సింది పోయి, పెళ్ళాం అంత బాగా పాఠం ఒంటబట్టించుకుందని పద్మనాభంగారు మురిసిపోతూ చెయ్యి కడుక్కునేవారు.

పక్కింటి విహాన్ పుట్టినరోజుకి వెళ్తే అక్కడా ఇదే వరస. ఐస్‌క్రీమ్ కేకులో ఎవరో ముందే వేలు పెట్టారు. నేరం వాళ్ళన్న వినీత్ మీద పడింది. తల్లి నాలుగు కేకలేసి తేల్చేయబోతుంటే ఈయన అడ్డం పడి, పన్నెండుమంది పిల్లల్ని సోఫాల మీద ఇరికించి జ్యూరీ వేశారు. పదకొండుమంది వినీతే అన్నారు. అనిక అనే చిన్నపిల్ల మాత్రం తల అడ్డంగా ఊపింది.

"బట్ అంకుల్, వాడు చేసాడు అని ఎవరూ చూడలేదు కదా. ఐ యామ్ నాట్ ష్యూర్."

"అదీ దెబ్బ!" అని పద్మనాభంగారు ఎగిరి గంతేశారు. "అనుమానం మిగిలితే శిక్ష లేదు. పన్నెండుమందీ ఒక్కమాట మీదకి రావల్సిందే!"

అనికని ఒప్పించడానికి పదకొండుమందీ గొంతు చించుకుంటుంటే ఇవతల కేకు కరిగి పాయసమైపోయింది. అప్పట్నించీ ఆ ఇంటివాళ్ళు ఆయన్ని కేకు కోశాకే పిలుస్తున్నారు.

ఇంత ముచ్చటున్న మనిషిని అసలు జ్యూరీకి, అంటే కోర్టులో కూర్చుని తీర్పు చెప్పే మామూలు పౌరుల్లోకి, ఏనాడూ ఎవరూ పిలవలేదు. అందరూ పాస్‌పోర్టు కోసం సిటిజన్‌షిప్ తీసుకుంటే ఆయన జ్యూరీలో కూర్చోవడం కోసం తీసుకున్నారు. పార్టీల్లో ఎవరైనా "జ్యూరీ సమన్లు వచ్చాయి, ఎలా తప్పించుకోవాలి అంకుల్?" అని అడిగితే, పెళ్ళిపిలుపు అందని మేనమామలా ముఖం చిన్నబుచ్చుకుని అవతలికి వెళ్ళిపోయేవారు.

అలా ఉండగా రాకేష్‌కి కష్టమొచ్చిపడింది. వెనక లైటు వెలగడం లేదని పోలీసు కారాపి లైసెన్సు అడిగాడు. చూస్తే దాని తేదీ దాటిపోయింది. వీసా గడువెప్పుడో ఆ గడువుతోనే లైసెన్సూ ముగుస్తుంది. వీసా పొడిగింపు కోసం రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని దేవుళ్ళందరికీ మొక్కిన రాకేష్, అది చేతికొచ్చిన సంబరంలో లైసెన్సు సంగతే మరిచిపోయాడు. పోలీసు టికెట్ మీద మిస్డిమీనర్ అని రాసిచ్చాడు.

"గిల్టీ అని ఒప్పేసుకుంట అంకుల్. ఫైన్ కట్టేస్తే లొల్లి ఖతమైతది" అన్నాడు రాకేష్, టీ కప్పు పట్టుకుని.

"నోర్ముయ్!" అన్నారు పద్మనాభంగారు. "ఇది చలానా కాదురా నాయనా, చిన్నదో పెద్దదో క్రిమినల్ కేసు. ఒప్పుకుంటే రికార్డుకెక్కి కూర్చుంటుంది. రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్తే అడిగేది దాని గురించే. ముందు నాట్ గిల్టీ అను."

"అబద్ధం కాదా? డేట్ అయిపోయిన మాట నిజమే గద!"

"నాట్ గిల్టీ అంటే నేనేం చెయ్యలేదని ఒట్టేయడం కాదు. నేరమంటున్నది మీరు, రుజువు చేసే బరువూ మీదే, అని గౌరవంగా చెప్పడం. ఆ తర్వాత ప్రాసిక్యూటర్ నీతో మాట్లాడతాడు. అయినా నేను లాయర్ని కాను, ప్రేక్షకుణ్ణి. వీసాలు తెలిసిన లాయర్ని అడుగు."

లాయరమ్మ ఫోన్‌లో అదే మాట చెప్పింది. వెంటనే కొత్త లైసెన్సు తీసుకుని కోర్టుకి పట్టుకెళ్ళమంది, అక్కడ తేలకపోతే తను వస్తానంది. రాకేష్ లైసెన్సు తీసుకున్నాడు, నాట్ గిల్టీ అన్నాడు, విచారణకి బుధవారం పడింది. ఆ రోజు నుంచి వాడికి నిద్ర లేదు, తిండి సయించదు.

సరిగ్గా అప్పుడే పద్మనాభంగారికి జ్యూరీ సమన్లు వచ్చాయి!

ఆ కాగితాన్ని దేవుడి దగ్గర పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. అటక మీది సూటు దింపారు. అద్దం ముందు నిలబడి, జ్యూరీ ఎంపికలో జడ్జి అడిగే ప్రశ్నలకి జవాబులు వల్లె వేశారు.

"దేని మీదైనా పక్షపాతం ఉందా?" అని ఉమామహేశ్వరిగారు జడ్జిలా అడిగేవారు.

"లేదు, యువరానర్."

"గోంగూర మీద?"

"అబ్జెక్షన్!"

మెట్ల కింద నవ్వుతున్న రాకేష్‌కి తేదీ వినగానే నవ్వు ఆగిపోయింది. అదే బుధవారం. అదీ ఇక్కడి కోర్టులో కాదు, పాంటియాక్ ఊళ్ళో, కౌంటీ పెద్ద కోర్టులో.

"మీరు ఖుషీగ పోండి అంకుల్. నాది నేను చూసుకుంట" అన్నాడు పైకి. 

బుధవారం పొద్దున రాకేష్ ఒక్కడే కారెక్కి కోర్టుకెళ్ళాడు. వసారాలో ప్రాసిక్యూటర్ కొత్త లైసెన్సు తిప్పి చూసి, వీసా కాగితాలు చూసి, "సరే, లోపల చెప్తాను" అన్నాడు. అంతకన్నా ముక్క చెప్పలేదు. పేరు పిలిచారు. రాకేష్ వెళ్ళి నిలబడ్డాడు. క్రిమినల్ కేసు వదిలేసి, లైసెన్సు దగ్గర లేకుండా నడిపినందుకు మామూలు జరిమానాతో సరిపెడదామని ప్రాసిక్యూటర్ చెప్పాడు. "నీకు సమ్మతమేనా?" అని జడ్జి రాకేష్‌ని అడిగింది.

విన్నది నిజమేనో కాదో వాడికి తెలియలేదు. ఉద్యోగం, వీసా, ఇంటి దగ్గర అమ్మ, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఎందుకో వెనక్కి తిరిగాడు.

వెనక బెంచీ మీద, జ్యూరీ సూటులో, పద్మనాభంగారు! ఒప్పుకోమన్నట్టు తలూపారు.

"యెస్, యువరానర్" అన్నాడు రాకేష్. గండం గడిచింది.

పరుగున వెళ్ళి పక్కన కూలబడ్డాడు. "అంకుల్, జ్యూరీ?"

"వాయిదా అడిగానులే. ఒకసారికి ఇస్తారు" అన్నారాయన గొంతు తగ్గించి. "అక్కడ పన్నెండుమంది పోగవుతారురా. నీ వెనక ఒక్కడూ లేడు."

రాకేష్‌కి కళ్ళు చెమర్చాయి. ఇక లేద్దామనుకుంటే పద్మనాభంగారు కదల్లేదు. తర్వాత పిలుపు ఒక కాలేజీ అమ్మాయిది. తెలుగమ్మాయి కాదు, ఎవరో. ఒంటరిగా నిలబడి దిక్కులు చూస్తోంది. ఈయన బెంచీ మీద అలా అలా జరిగి, సరిగ్గా ఆ అమ్మాయి వెనక్కి చేరుకున్నారు. ఆ అమ్మాయి తిరిగి చూసింది. ఈయన తలూపారు. గుమ్మం దగ్గరున్న కోర్టు జవాను రాకేష్‌ని చూసి, ఇది రోజూ ఉండేదేనన్నట్టు నవ్వాడు. రాకేష్ కూడా జరిగి ఆయన పక్కన కూర్చున్నాడు.

ఇంటికెళ్ళేసరికి ఉమామహేశ్వరిగారు పరవాన్నం వండి ఉంచారు. పాంటియాక్ సంగతి ఆవిడ అడగలేదు. పద్మనాభంగారు గిన్నె ఖాళీ చేసి, ఆశ చావక, "అప్పీలు..." అని నసిగారు.

ఆవిడ గరిటె నిండా తీసి వడ్డించారు.

"ఈ ఒక్కసారికే" అన్నారు. "దీన్ని చూపించి రేపు మళ్ళీ అడిగితే చెల్లదు."

"తీర్పుకి కారణాలు చెప్పాలి కదా, యువరానర్?"

"చల్లారిపోతుంది, తినండి!"