అంగిట్లో గడ్డ, కడుపులో మంట

ఈ గిద్దలూరు సభకు వచ్చిన నా సహోదరులారా, సహోదరీలారా, రాచర్ల దగ్గర మా పల్లె మందిరంలో పల్లవి ఎత్తేది నేనే, నేను పాట అందుకుంటే గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళు, అట్లాంటి గొంతు చూస్తుండగానే ముద్దగా మారిపోయింది! అంగిట్లో గడ్డ లేచింది, నొప్పి లేదు, చీము లేదు, నున్నగా గట్టిగా పెరుగుతూ పోయింది. కొండనాలుక జారిందని మా అత్త ఉప్పూ మిరియాలూ అద్ది బొటనవేలితో పైకి నొక్కింది. జారితే కదా ఎక్కడానికి!

నేను నోరు మూసుకోగానే పల్లవి ఎత్తింది ఎవరనుకున్నారు? నా తోడికోడలు, మా మరిది భార్య శాంతమ్మ! అది బాగా పాడింది, అదే నా బాధ, చెడగొట్టి ఉంటే నా జబ్బు సగం నయమయ్యేది. "తండ్రీ, గడ్డ ఇయ్యదలిస్తే నాకే ఎందుకిచ్చినావు? దానికియ్యరాదా?" అని మోకాళ్ళ మీద ఏడ్చాను. ఇట్లాంటి ప్రార్థన మీరెవరూ చేసి ఉండరు లెండి!

రాజధాని హైదరాబాదుకు తరలిపోయినా కర్నూలులో పెద్దాసుపత్రి మాకు మిగిలింది, స్తోత్రం! మా ఆయన గొర్రెల మందను వదిలి రాలేనంటే, తోడు వచ్చింది మళ్ళీ ఆ శాంతమ్మే. డాక్టరుగారు చిన్న ముక్క తీసి పరీక్ష చేయించి, "రాచపుండు కాదమ్మా, ఉమ్మి ఊరే గ్రంథిలో పుట్టిన గడ్డ, అరుదుగా వస్తుంది. పైపైన తీస్తే మళ్ళీ మొలుస్తుంది, చుట్టూ మంచి కండతో సహా కోయాలి" అన్నారు. "మరి నా పాట?" అన్నాను. ఆయన ఆపరేషన్ తేదీ రాసి చేతికిచ్చారు.

ఆపరేషన్ అయ్యాక మత్తు దిగుతుంటే కళ్ళకంటే ముందు చెవులు తెరుచుకున్నాయి. మంచం పక్కన శాంతమ్మ మోకరించి, "ప్రభువా, అక్క గొంతు అక్కకియ్యి, కావాలంటే నాది తీసుకో. అక్క వెనక పాడుకునేదాన్ని, ముందు నిలబడితే కాళ్ళు వణుకుతుండాయి నాయనా" అని ఏడుస్తోంది. చూశారా, ప్రార్థనలో కూడా నన్ను మించిపోయింది! అప్పుడు కూడా నాకు ఒళ్ళు మండింది, ఆ మంటలోనే కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

గడ్డ పోయిన చోట చిల్లు మిగిలింది. కట్టుడు పళ్ళలాగా పలక ఒకటి చేసి దానికి అమర్చారు, తీస్తే తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, పెట్టుకుంటే ఇదిగో మీ ముందు ఇట్లా మాట్లాడుతున్నాను, దేవునికే మహిమ! పల్లవి మాత్రం ఇక ఎత్తలేను, వెనక అందుకోగలను. గడ్డ మళ్ళీ మొలవలేదు, అసూయ మాత్రం ప్రతి ఆదివారం మొలుస్తూనే ఉంది, ప్రభువు కోస్తూనే ఉన్నాడు! మీరు కూడా లోపల పెరిగేది ఏదైనా సరే దాచకుండా ఆయన చేతికి అప్పగించండి, నమ్మండి, ఆయన విసుక్కోడు. ఇప్పుడు అందరం లేచి పాట పాడుకుందాం.

శాంతమ్మా, ముందుకు రా. పల్లవి నువ్వెత్తు, నీ వెనక నేనుండా.