సీసాలో సముద్రం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ప్రపంచంలో ఏదీ ఉండేది కాదు. ఆ రోజులంటే మరీ తాతలనాటివేం కావు. చేతిలో ఫోనూ, ఫోనులో ఊళ్ళ పటాలూ ఉన్న రోజులే, పదేళ్ళు దాటి ఉంటాయంతే. నాకు ఇరవై రెండేళ్ళు. ట్రైనింగు సర్టిఫికెట్టు మడత నలగకముందే ఒడిశా రాయగడలో తెలుగువాళ్ళ పిల్లల కోసం నడిచే ఒక చిన్న మిషన్ బడిలో నాలుగో తరగతి నా చేతికిచ్చారు. ఆ వయసులో ఉద్యోగం వస్తే మనిషికి పట్టే మొదటి జబ్బు "నాకు తెలీదు" అనే మాట నోటికి రాకపోవడం. నాకది బాగా ముదిరింది. చాక్‌పీసు పట్టుకున్న ప్రతి మనిషికీ మొదటి ఏడాది కాస్తో కూస్తో ఉంటుందని తరవాత తోటివాళ్ళు చెప్పగా విని కొంత ఊరట పడ్డాను.

నేను పుట్టి పెరిగింది బోరిగుమ్మలో. మా తాత భీమిలి వైపు నుంచి కొండలెక్కి వచ్చి ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాడట. ఆయన వదిలి వచ్చిన సముద్రం మా ఇంట్లో మాటల్లో మాత్రం మిగిలింది. కళ్ళతో చూసింది లేదు. సంతలో ఎండుచేపల బుట్ట దగ్గర ముక్కు మూసుకున్నప్పుడల్లా మా అమ్మ "అదే సముద్రం వాసన" అనేది. నా సముద్ర పరిజ్ఞానం అక్కడితో సరి. తెలుగు వాచకంలో మాత్రం ఐదో పాఠం సముద్రమే.

"సముద్రం నీలంగా ఉంటుంది, అలలు ఎగిసిపడతాయి, నీరు ఉప్పగా ఉంటుంది" అని రెండు చేతులూ చాపి నేను అభినయిస్తుంటే రెండో బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. ఆ చెయ్యి కలెక్టరమ్మది. (అసలు పేరు వేరే. బడికి ఎవరొచ్చినా తనిఖీకొచ్చిన కలెక్టరులా నడుం మీద చెయ్యి పెట్టి ప్రశ్నలు వేస్తుందని పెట్టిన పేరది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఆయా.)

"టీచరమ్మా, సముద్రం నువ్వు సూసేవేటి?"

"ఓ, బోలెడుసార్లు" అన్నాను. నోరు నన్నడిగి అన్న మాట కాదది.

"అయితే ఒడ్డుకాడ నీళ్ళు ఏ రంగుంటాయి?"

"నీలం."

క్లాసు గొల్లుమంది. సగం మంది రైల్వే పిల్లలు. నాన్నల పాసుల మీద వైజాగు వెళ్ళి రావడం వాళ్ళకి పక్క వీధికి వెళ్ళి రావడమే. గార్డుగారి కూతురు లేచి "కాదు టీచరమ్మా, ఒడ్డుకాడ మట్టి రంగుంటాది, దూరంగా సూస్తే నీలం" అని ఎంతో మర్యాదగా నాకు పాఠం చెప్పింది. కలెక్టరమ్మ అక్కడితో వదల్లేదు. "నేను మూడుపాలీలు ఎల్లేను. నీళ్ళు తాగేను కూడాను. నువ్వు నిజంగా సూస్తే, ఈపాలి ఎల్లినప్పుడు ఒక సీసాడు నీళ్ళు తెస్తావేటి?"

"తెస్తాను. వచ్చే ఆదివారమే వెళ్తున్నాను" అన్నాను. వెళ్తున్నానని నాకూ అప్పుడే తెలిసింది.

ఇప్పుడు చెప్పుకుంటే నవ్వులాట గాని, అప్పుడు నాకది చావుబతుకుల సమస్య. ఉద్యోగంలో చేరి మూడో నెల. తొమ్మిదేళ్ళ పిల్లల చేతిలో అబద్ధాలకోరునని తేలితే ఇంక నా చేత కూడికలు కూడా ఎవరూ నేర్చుకోరు. ఏనుగు అంటే "నువ్వు సూసేవేటి?", అశోకుడు అంటే "నువ్వు సూసేవేటి?" అని నడుం మీద చెయ్యి లేస్తుంది. సీసా నిండాలి, సోమవారం పొద్దుటికి ఆ సీసా బల్ల మీద ఉండాలి. అంతే, పంతం పట్టాను.

నాతో గదిలో ఉండే ఒడియా టీచరుని నాకు తోడు బయల్దేరదీశాను. ఆవిణ్ణి అందరం అపా అనేవాళ్ళం, అంటే వాళ్ళ భాషలో అక్క. పూరీ సముద్రం చూసి చూసి విసిగిన మనిషి కాబట్టి ఆవిడకి కావలసింది జూ, జూలో పులి. ఆ సాయంత్రమే పొడుగు నోటుబుక్కులోంచి రెండు కాగితాలు చింపి, స్కేలుతో గీతలు కొట్టి, ప్రణాళిక రాయడం మొదలుపెట్టాను. బండి దిగుట, ముఖము కడుగుట, ఇడ్లీ తినుట, అన్నింటికీ నిమిషాలతో సహా వేళలు. సముద్రము చూచుట అరగంట. సీసా నింపుట రెండు నిమిషాలు. (మూత పెట్టుట కూడా అందులోనే.) కైలాసగిరి, తాడు మీద నడిచే బండి, పులి, మళ్ళీ స్టేషను. నాలుగు రోజులు అదే పని. కలలో కూడా ఆటోలు మారుతూనే ఉన్నాను. అపా రాత్రి లైటు తీసేముందు "బాఘ?" అని అడిగేది. పులి ఉందా అని. "ఉంది, రెండున్నరకి" అని నేను చెబితే గాని నిద్రపోయేది కాదు.

శుక్రవారం నాడు ఆ కాగితాలు పట్టుకుని పెద్ద టీచరమ్మ దగ్గరికి సెలవు చెప్పడానికి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచీ చివరి దాకా చదివింది.

"బాగుందమ్మీ. ఇందల దేవుడికి ఎన్ని నిమిషాలిచ్చేవు?"

నేను కాగితం వెనక్కి తిప్పి చూశాను, అటువైపు ఏమైనా రాశానేమోనన్నట్టు.

"ఆదివోరం ఆరాధన మానీసి షికారేటి? వైజాగుల మాత్రం చర్చీల్నేవేటి? స్టేషనుకాడే ఒకటుంది. అక్కడ ఆరాధన సేసుకుని, పాస్టరుగారి సంతకం పట్టుకునిరా. ఆ తరవాత నీ సముద్రం నీ ఇష్టం" అంటూ ఎర్ర పెన్నుతో 'ఆరాధన, పది నుంచి పదకొండున్నర' అని రాసి, పనిలో పనిగా నా అక్షరదోషాలు రెండు దిద్ది, తాడు బండి ప్రమాదమని కొట్టేసి ఇచ్చింది. సరే, గంటన్నరే కదా అనుకున్నాను.

ఆదివారం చీకటితో బండెక్కాం. బండి వేళకే చేరింది, ఇడ్లీలు వేళకే దొరికాయి, పదికి అయిదు నిమిషాలుండగా చర్చిలో ఉన్నాం. ఆరాధన అవగానే పాస్టరుగారి సంతకం చటుక్కున పట్టెయ్యొచ్చని నేను ముందు వరసలో, సరిగ్గా ఆయన ఎదురుగా చోటు చూశాను. (నా తెలివి నాకెప్పుడూ ముందు వరసలోనే శత్రువు.) కూర్చుని, కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి చూద్దును కదా, ఎదురుగా వేదిక చుట్టూ గుమ్మడికాయలు, అరటి గెలలు, గోంగూర కట్టలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టిన రెండు నాటుకోళ్ళు! కోతపండుగ. మన చర్చీల్లో పెరిగిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఏడాది పంటలో తొలిభాగం దేవుడికి తెచ్చే ఆ రోజున గడియారాన్ని ఎవరూ లెక్క చెయ్యరు.

"కొత్తగా వచ్చినవాళ్ళు లేచి నిలబడండి" అన్నారు పాస్టరుగారు. నిలబడ్డాం. ఎక్కణ్ణుంచి అంటే రాయగడ నుంచి అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా! పక్క వీధిలో ఉండి ఆలస్యంగా వచ్చేవాళ్ళు సిగ్గుపడాలి. ఆరాధన కోసం ఈ చెల్లెమ్మలు కొండలు దిగి, తెల్లవారకముందే బండెక్కి వచ్చారు!" అన్నారు. నా చేతిసంచిలో పులి వేళ, సీసా వేళ రాసిన కాగితం సలసలా కాగింది. దేవుడు నాకు చేసిన మేళ్ళకి సాక్ష్యం చెప్పమన్నారు, చెప్పాను. పాట పాడమన్నారు, పాడాను. రెండో పాటకి మా వరసలోనే ఒక మామ్మగారు కళ్ళొత్తుకుంది. ఆవిడ ఏడుస్తుంటే లేచి సముద్రానికి ఎలా వెళ్ళను?

పన్నెండున్నరకి ఆ కానుకల వేలం మొదలైంది. తెలుగు ప్రసంగానికి హాయిగా కునుకు తీస్తున్న అపా గుమ్మడికాయ పైకెత్తగానే మేలుకుంది. బేరమని అర్థమైంది గాని, ఇక్కడ పాట పెరగాలని అర్థం కాలేదు. వెనకనుంచి ఒకాయన ఎంతో పాడాడు, ఇంకొకాయన ఇంకాస్త పెంచాడు. అపా చటుక్కున లేచి, రాయగడ బజారులో అలవాటైన కోపంతో, హిందీలో అందులో సగం ధర చెప్పింది. చర్చంతా వెనక్కీ ముందుకీ తిరిగి అపా కేసి చూసింది. అపా ఇంకో మెట్టు దిగి, "ఈ కఖారుకి అదే ఎక్కువ, కాడ ఎండిపోయింది" అంది. అప్పుడు లేచిన నవ్వుకి నాటుకోళ్ళు కూడా కొక్కొరోమన్నాయి. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ ఆ గుమ్మడికాయ మాకే ఇప్పించారు. ఆ తరవాత ప్రేమవిందు. "తినకండా ఎలిపోతారేటి తల్లీ, నా సేత్తో వొడ్డిస్తాను" అని మామ్మగారు నా చెయ్యి వదల్లేదు. విందయ్యాక స్త్రీల కూడిక, అందులో మళ్ళీ నా సాక్ష్యం. సంతకం చేతికొచ్చేసరికి నాలుగున్నర. బండి అయిదుకి.

ఆటో ఎక్కుతూనే "బాబూ, బీచికి పోనిచ్చి అట్నుంచి స్టేషనుకి" అన్నాను. "బీచికెల్తే బండి దొరకదమ్మా. అదిగో, ఆ మేడలెనకాలే సముద్రం" అని అతను చెయ్యి చూపించాడు. మేడలే కనిపించాయి. హారన్ల మధ్య హోరు కోసం చెవులు రిక్కించాను. "అపా, ఒక్క అయిదు నిమిషాలు" అన్నాను. ఒళ్ళో గుమ్మడికాయ సర్దుకుంటూ అపా, "నేను పులిని వదులుకోలేదా? నువ్వు బోలెడుసార్లు చూశావు కదా సముద్రం, ఈసారికి వదిలెయ్" అంది. ఆ మాట ఆవిడకి చెప్పిందీ నేనే. ఏడుపొచ్చింది. పక్కకి తిరిగి మేడలకేసి చూస్తూ కూర్చున్నాను.

సోమవారం పొద్దున్న వంటగదిలో గుమ్మడికాయ ముక్కలవుతుంటే నేను సీసాలో కుళాయి నీళ్ళు పట్టి, నాలుగు చెంచాల ఉప్పు వేసి, ఊపాను. రుచి చూశాను. తుపుక్కున ఉమ్మేశాను కాబట్టి బాగానే కుదిరిందనుకున్నాను.

సీసా బల్ల మీద పెట్టగానే క్లాసు చుట్టూ మూగింది. కలెక్టరమ్మ అందర్నీ తోసుకుని వచ్చి, చేతిలో ఓ చుక్క వేయించుకుని, కళ్ళు మూసుకుని నాకింది. "అవును. సముద్రం నీళ్ళే. నేను తాగింది ఇదే" అని తీర్పు చెప్పింది. ఆ సముద్రం ఏ అలమరలోంచి దిగిందో నాకు తెలుసు కదా!

గార్డుగారి కూతురు కూడా నాకి మొహం చిట్లించింది. "ఇది సముద్రం కాదు. అది ఉప్పొకటే కాదు, సేదుగా కూడా ఉంటాది. ఇది గంజిల ఉప్పులాగుంది."

"నీకు తెల్దు!" అంది కలెక్టరమ్మ.

"నీకే తెల్దు. నువ్వసలు సముద్రం సూణ్ణేదు. అబద్దాలకోరు!"

క్లాసంతా కలెక్టరమ్మ వైపు తిరిగింది. ఆ పిల్ల నడుం మీద చెయ్యి జారిపోయింది. నా వైపు చూసింది. ఇది సముద్రమేనని నేను ఒక్క మాటంటే తను గెలుస్తుంది, నేనూ గెలుస్తాను, నిజం చెప్పిన పిల్ల ఓడిపోతుంది. నోరు మెదపకపోతే కలెక్టరమ్మ ఓడిపోతుంది. ఆ మొహంలో నాకు నా మొహమే కనిపించింది.

"ఉప్పు నేనే కలిపాను" అన్నాను. "టీచరు చెప్పింది కదా అని తను నమ్మింది, తప్పు తనది కాదు. నేను సముద్రం చూడలేదు. నిన్నా చూడలేదు, అంతకుముందూ చూడలేదు. బోలెడుసార్లన్నది అబద్ధం."

గార్డుగారి కూతురు సీసాకి మూత బిగించి, "మరి ఆదివోరం ఎక్కడికెల్లేవు?" అంది. చెప్పాను. పాటలు, కోళ్ళు, అపా బేరంతో సహా అన్నీ చెప్పాను. గంట కొట్టేదాకా నవ్వుతూనే ఉన్నారు. ఏనుగుని చూశావా, అశోకుణ్ణి చూశావా అని ఎవరూ అడగలేదు.

అందరూ వెళ్ళాక కలెక్టరమ్మ ఒక్కతే పెన్సిలు వెతుకుతున్నట్టు బెంచీ కింద తచ్చాడింది.

"టీచరమ్మా."

"ఊఁ."

"నేనూ సూణ్ణేదు. ఒక్కపాలీ కూడా." బెంచీ కిందనుంచే అంది. తరవాత లేచి, పావడా దులుపుకుని, మామూలు గొంతుతో చెప్పింది. "ఈపాలి ఆదివోరం వద్దు. వేసంగి సెలవుల్ల ఎల్దాం. మాయమ్మ కూడా సూణ్ణేదు."

ఆ వేసవిలో వెళ్ళాం, కలెక్టరమ్మ, వాళ్ళమ్మ, నేను. మోకాళ్ళ లోతు దిగి, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకుని, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకున్నాం. చేదే. గార్డుగారి కూతురికి అక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకున్నాం. వాళ్ళమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, బెదురుగా, తడి ఇసక దాకా వచ్చి ఆగిపోయింది. కలెక్టరమ్మ వెనక్కి తిరిగి, "ఏటీ అవదే, రా! అల ఇలగొచ్చి ఇలగెలిపోద్దంతే. సముద్రం సంగతి నాకు తెలుసు. కావాలంటే టీచరమ్మనడుగు!" అని అరిచింది. ఆ తల్లి నిజంగానే నావైపు చూసి, "అవునేటమ్మా?" అని అడిగింది. మేం సముద్రంలో దిగి పది నిమిషాలైంది. అవునని నేను పెద్ద అనుభవజ్ఞురాలిలా తలూపాను, ఆవిడ నన్ను నమ్మి నీళ్ళలో కాలు పెట్టింది. ఆ తలూపిన పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కొంచెం బెంగగానూ ఉంటుంది. అంత ధీమాగా మళ్ళీ నేను దేనికీ తలూపలేదు.