అరిగిపోని బ్యారెల్

సౌదీలోని రాబిగ్‌లో మా మేనేజరుకు వాళ్ల నాన్న ఇచ్చిన పాత వేట రైఫిల్ ఒకటి ఉండేది. సెలవు రోజులైన శుక్ర, శనివారాలు తమ్ముళ్లతో ఎడారిలో వేటాడి, ఆదివారం పొద్దున్నే ఆఫీసుకు వచ్చేవాడు. నా బల్ల ముందు నిలబడి, ఒక కన్ను మూసి, చేతిలో లేని తుపాకీని గోడ గడియారానికి గురిపెట్టి, "బ్యారెల్ అరిగిపోయింది, ముహందిస్. తూటా పక్కకు పోతోంది" అనేవాడు. ముహందిస్ అంటే ఇంజనీరు, అంటే నేను. దాన్ని ఉంచుకోవాలా, ఇచ్చేసి కొత్తది తీసుకోవాలా, బ్యారెల్ ఒక్కటే మార్పించాలా? రెండేళ్లుగా ఇదే చర్చ.

పైపుల లోపల తుప్పు పరీక్షించడం నా ఉద్యోగం. ఒక శనివారం రాత్రి, వాళ్లు వేట నుంచి వచ్చాక, నేనే కెమెరా పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. గహ్వా కాఫీ, ఖర్జూరాలు పెట్టాడు. సన్నని కెమెరా బ్యారెల్లోకి పంపి చూస్తే, లోపలి గాడులన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. అలవాటు కొద్దీ రిపోర్టు కూడా రాసిచ్చాను: "అరుగుదల లేదు. మార్చనక్కర్లేదు."

సంతోషిస్తాడనుకున్నాను. ఆయన చదివి, పక్కగది వైపు చూశాడు. అక్కడ తమ్ముళ్లు తాము కొట్టిన కుందేళ్ల కూర తింటూ నవ్వుకుంటున్నారు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

"ముహందిస్, ఇది ఇంకెవరికైనా చూపించావా?"

"లేదు సార్."

మర్నాడు నా బల్ల దగ్గరికొచ్చి, కన్ను మూసి, గడియారానికి గురిపెట్టాడు. ఈసారి మాత్రం తెరిచిన కన్ను నావైపు తిప్పాడు.

"బ్యారెల్ బాగా అరిగిపోయింది సార్" అన్నాను నేనే.

ఉద్యోగంలో నేనిచ్చిన తప్పుడు రిపోర్టు అదొక్కటే.