చిన్న కారు ట్యాంకు

కారు కొంటానని మా వాడు నెల రోజులుగా ఇంట్లో అందరి బుర్రా తింటున్నాడు. కరెంటుదా, పెట్రోలుదా అని. కరెంటుది కొనేటప్పుడు బరువు, తిప్పేటప్పుడు తేలికట. పెట్రోలుది చవగ్గా వస్తుంది గానీ బంకు దగ్గర మన జేబు ఖాళీ చేస్తుందట. బ్యాటరీ మార్చడం, రిపేర్లు అన్నీ ఫోనులో లెక్కేసి, "ఇదేమ్మా అసలు ఖర్చు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పెట్రోలు అసలు ఖర్చు నాకు తెలుసు. నోటితో పీల్చినదాన్ని.

కువైట్‌లో, ఫహాహీల్‌లో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. అక్కడ పెట్రోలు నీళ్లకన్నా చవకని మనవాళ్లు నవ్వుకునేవాళ్లు. తొంభైలో ఇరాక్ సైన్యం వచ్చిన కొద్దిరోజులకే బంకుల ముందు కార్లు బారులు తీరాయి. ఆ ఇంట్లో రెండు బండ్లు, పెద్ద జీపూ, చిన్న కారూ. ఎడారి దారిన సౌదీకి పోదామని ఇంటాయన అన్నాడు. రెండింటికీ సరిపడా పెట్రోలు లేదు. అందరం జీపులోనే పోదాం, నీ చోటు వెనక సీట్లో పాప పక్కన అని ఇంటావిడ, అక్కడి పద్ధతిలో నేను మామా అని పిలిచే ఆవిడ, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆ పాపను పుట్టినప్పటి నుంచి పెంచింది నేనే.

జీపులో పోయడానికి చిన్న కారు ట్యాంకులో గొట్టం పెట్టి, నోటితో పీల్చి, డబ్బాలోకి దించాలి. ఇంటాయన ఒకసారి పీల్చి దగ్గుతూ పక్కకు తప్పుకున్నాడు. నేను పీల్చాను. గొంతు మండింది, వాంతయింది, అయినా చుక్క మిగలకుండా లాగాను. నేనూ పోతున్నాను కదా మరి.

తలుపులన్నీ చూసుకుని చివర ఎక్కడం పనిమనిషి పద్ధతి. నేను ఎక్కబోతుంటే మామా అద్దం దించి, పాప పాలసీసా లోపలే మర్చిపోయాం, తెమ్మంది. సీసా సంచిలో పెట్టిన గుర్తు నాకుంది. అయినా మామా చెబితే వెళ్లకుండా ఎట్లా? వంటింట్లో వెతుకుతుండగా బయట ఇంజను చప్పుడు దూరమైంది. వాకిట్లోకి వచ్చేసరికి నా బట్టల సంచి నేల మీద ఉంది. నా పాస్‌పోర్టు మాత్రం మామా చేతిసంచిలోనే పోయింది.

చోటు లేదని ముందే చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నా చేత పెట్రోలు పీల్పించుకుని మరీ వదిలేశారు. ఆ మోసం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మర్నాడు కువైట్‌లోనే ఖైతాన్‌లో ఉండే మా కడప మనుషులు నన్ను చూడ్డానికొచ్చారు. వాళ్లలో ఒకతను డ్రైవరు. చిన్న కారు చూసి ప్రాణం లేచొచ్చింది అతనికి, అందరం దీంట్లో బయటపడదామన్నాడు. ట్యాంకు మూత తీశాడు.

"చుక్క గూడా ల్యాదే. ఎవురు తీసినారక్కా?"

"నేనే" అన్నాను.

చివరికి బస్సుల్లో పడి ఎడారి దాటి, మనవాళ్లు రాసిచ్చిన కాగితంతో విమానమెక్కి, ఎన్నో అవస్థల తర్వాత ఇల్లు చేరాను. ఇదంతా మా వాడికి చెప్పలేదు. వాడు ఇప్పటికీ ఫోను పట్టుకుని, ఏది కొనమంటావో నువ్వే చెప్పమని నా చుట్టూ తిరుగుతున్నాడు.

"ఏదన్నా కొను నాయనా" అన్నాను. "నేనెక్కి కూచున్నాకే కదిలియ్యి."